గట్టిగా దిగిన విమానం

2026 జనవరి 4న ఢిల్లీ నుంచి బయలుదేరిన ఒక ఎయిరిండియా విమానం విజయనగరం జిల్లా భోగాపురంలోని కొత్త విమానాశ్రయంలో దిగింది. మామూలు సర్వీసు కాదు. కొత్త రన్‌వేనూ, దాని చుట్టూ అమర్చిన పరికరాలనూ సరిచూసుకోవడానికి జరిగిన ప్రయాణం. కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు కూడా అందులోనే వచ్చారు. ఆ విమానం దిగిన వీడియో చాలామంది ఫోన్లలో తిరిగింది. విమానం దిగే వీడియో ఏదైనా సరే, చూసేవాళ్ల కళ్లు ఒక్కచోటే నిలుస్తాయి. చక్రాలు నేలను తాకి, టైర్ల కింద పొగ లేచే ఆ అరక్షణం దగ్గర. లోపల కూర్చున్నవాళ్లు పైలట్‌కు మార్కులు వేసేది కూడా ఆ అరక్షణానికే.

విమానాలకూ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకూ ఉన్న బంధుత్వం కొంచెం చిత్రమైనది. విజయనగరం సంస్థానం వారసుడు అశోక్ గజపతిరాజు 2014 నుంచి 2018 దాకా పౌర విమానయాన శాఖ చూశారు. 2024లో అదే శాఖ శ్రీకాకుళం ఎంపీ చేతికి వచ్చింది. భోగాపురం విమానాశ్రయ నిర్మాణం చేపట్టిన జీఎంఆర్ సంస్థను స్థాపించిన గ్రంథి మల్లికార్జునరావుది రాజాం. మంత్రులూ ఇక్కడివాళ్లే, కట్టేవాళ్లూ ఇక్కడివాళ్లే. విమానం ఎక్కాలంటే మాత్రం ఇన్నేళ్లూ అందరూ విశాఖకే పోయారు. ఇచ్ఛాపురం వాళ్లకైతే భువనేశ్వరమే దగ్గర. భోగాపురానికి శంకుస్థాపన కూడా రెండుసార్లు జరిగింది, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి. అంత ఎదురుచూపు తర్వాత దిగే విమానం పూలమీద వాలినట్టు దిగాలని ఎవరికైనా ఉంటుంది.

దిగకపోవచ్చు. వాన పడుతున్న రోజైతే దిగకపోవడమే మంచిది.

విమానం నేలను తాకగానే నడుముకు ఒక కుదుపు తగిలితే, వెంటనే సీట్ల మధ్య తీర్పులు మొదలవుతాయి. పైలట్ కొత్తవాడై ఉంటాడని ఒకరు, టిక్కెట్టు చవకగా వచ్చినప్పుడే అనుకున్నానని ఇంకొకరు. చక్రాలు ఎప్పుడు తగిలాయో తెలియకుండా దిగితే చప్పట్లు కూడా పడతాయి. ఈ తీర్పుల్లో ఒక చిక్కుంది. ఆ కుదుపు చాలాసార్లు పైలట్ చేయి జారి వచ్చింది కాదు. కావాలని, చూసిచూసి తెచ్చుకున్నది. చప్పట్లు పడ్డ ల్యాండింగే, కాక్‌పిట్‌లో పక్క సీటు నుంచి చూసినవాళ్లకు గుండె దడ పుట్టించినదై ఉండవచ్చు.

ఎందుకలా అన్నది కొంచెం విడమరిచి చెప్పుకోవాలి. రన్‌వే మొదటి అంచు దాటేటప్పుడు విమానం దాదాపు 50 అడుగుల ఎత్తులో ఉండాలి. అక్కడి నుంచి మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో రెండు వెడల్పాటి తెల్లని పట్టీలు కనిపిస్తాయి. పైలట్ గురి వాటి మీదే. నేల దగ్గరపడ్డాక ముక్కును కొద్దిగా పైకెత్తి, దిగే వేగాన్ని తగ్గిస్తారు. దాన్ని ఫ్లేర్ అంటారు. మెత్తదనమంతా ఆ ఫ్లేర్‌లోనే పుడుతుంది. ఇంకాస్త ఎత్తి పట్టుకుంటే, ఇంకాస్త ఆగితే, విమానం నేలకు జానెడు ఎత్తులో తేలుతూ పోయి, ఎప్పుడో తెలియకుండా ఆనుతుంది. లోపలివాళ్లకు హాయిగా ఉంటుంది. కానీ ఆ తేలుతున్నంతసేపూ కింద రన్‌వే వెనక్కి పోతూనే ఉంటుంది. మామూలు జెట్ విమానం దిగే వేగం 140 నాట్ల చుట్టుపక్కల, అంటే గంటకు దాదాపు 260 కిలోమీటర్లు. సెకనుకు 72 మీటర్లు. అయిదు సెకన్లు తేలితే 360 మీటర్లు పోయినట్టే. పోయిన రన్‌వేను ఏ బ్రేకూ తిరిగి తేలేదు.

అందుకే రన్‌వే మొదట్లోని 900 మీటర్లలోపు, లేదా రన్‌వే పొడవులో మొదటి మూడో వంతులోపు, ఏది తక్కువైతే అందులో చక్రాలు ఆనాలన్నది వృత్తిలో కట్టుబాటు. ఆ హద్దులో ఆనేట్టు లేదనిపిస్తే మళ్లీ పైకి లేచిపోవాలి. ఎంత మెత్తగా ఆనించాలన్నది దాని తర్వాతి మాట. శిక్షణ ఇచ్చేవాళ్లందరూ చెప్పేది ఒకటే, విమానాన్ని తేలనివ్వద్దని.

ఇంతటితో కథ పూర్తయితే సులువుగానే ఉండేది. అసలు సంగతి విమానం ఆనిన తర్వాత ఉంది. ఆకాశంలో ఉన్నంతసేపూ బరువంతా రెక్కలు మోస్తాయి. నేల మీద ఆగాలంటే ఆ బరువు రెక్కల నుంచి చక్రాలకు మారాలి. చక్రం మీద బరువు పడితేనే బ్రేకు పట్టుకుంటుంది. బరువు లేని చక్రానికి బ్రేకు వేస్తే అది జారుతుంది, అంతే. ఆ మార్పిడి జరిపించేవి స్పాయిలర్లు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు చూసే ఉంటారు, దిగగానే రెక్క పైభాగంలో పలకలు టపటపా లేచి నిలబడతాయి. అవి రెక్కకున్న ఎగిరే శక్తిని చంపేసి బరువును చక్రాల మీదికి తోస్తాయి. ఆ పలకలు గాలిలో పొరపాటున లేస్తే ప్రమాదం కాబట్టి, విమానం నిజంగా నేల మీద ఉందని తేలాకే అవి లేచేట్టు కట్టుదిట్టం చేశారు. ఇంజిన్ ఊదుడును ముందుకు తిప్పి వేగం తగ్గించే రివర్స్ థ్రస్ట్‌కూ ఇలాంటి కాపలాయే. మరి నేల మీద ఉందని యంత్రానికి ఎలా తెలుస్తుంది? చక్రాల కాళ్లలోని స్ప్రింగుల్లాంటి భాగాలు బరువుకు కుంగాలి, లేదా చక్రాలు గిర్రున తిరగాలి. మరీ సుతారంగా ఆనితే కాళ్లు కుంగవు. నీటి పొర మీద ఆనితే చక్రాలు తిరగవు. మనిషికి దిగామని తెలుస్తుంది, యంత్రానికి తెలియదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1993 సెప్టెంబర్ 14న పోలండ్ రాజధాని వార్సాలో లుఫ్తాన్సా వారి ఎయిర్‌బస్ ఏ320 వానలో దిగింది. పక్కగాలి బలంగా ఉంటుందని టవర్ చెప్పింది. పైలట్లు దానికి తగ్గట్టే కొంచెం ఎక్కువ వేగంతో, ఒక పక్కకు వాల్చి తెచ్చారు. దిగే సమయానికి గాలి దిశ మారి వెనక నుంచి తోసింది. కుడి చక్రాలు రన్‌వే అంచు నుంచి 770 మీటర్ల దగ్గర ఆనాయి. ఎడమ చక్రాలు ఆనింది తొమ్మిది సెకన్ల తర్వాత, 1,525 మీటర్ల దగ్గర. ఆ విమానంలో స్పాయిలర్లు లేవాలంటే రెండు వైపుల కాళ్ల మీదా ఒక్కోదానికి 6.3 టన్నుల బరువు పడాలి, లేదా చక్రాలు 72 నాట్ల వేగంతో తిరగాలి. ఎడమ చక్రాలు ఆనేదాకా మొదటిది జరగలేదు. నీళ్ల మీద రెండోదీ జరగలేదు. పైలట్లు అన్ని మీటలూ లాగారు. విమానం మాత్రం అంతసేపూ తానింకా గాలిలోనే ఉన్నానని నమ్మింది. రన్‌వే అయిపోయి, ఆవలి మట్టికట్టను గుద్దుకుంది. ఇద్దరు చనిపోయారు. వాళ్లలో ఒకరు పైలట్.

ఆ తొమ్మిది సెకన్లే ఇవాళ్టికీ పైలట్ల పాఠాల్లో నలుగుతున్నాయి. తడి రన్‌వే మీద గట్టిగా ఆనించమని చెప్పడం వెనక ఇలాంటి అనుభవాలు చాలా ఉన్నాయి. గట్టిగా ఆనితే టైరు నీటి పొరను చీల్చి కింది కాంక్రీటును అందుకుంటుంది. చక్రం తిరగడం మొదలవుతుంది. కాళ్లు కుంగుతాయి, పలకలు లేస్తాయి, బ్రేకు పట్టు దొరుకుతుంది. ఇవన్నీ కలిపి ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతాయి. మన నడుముకు తగిలిన ఆ ఒక్క కుదుపు ఈ పనులన్నిటికీ కలిపి కట్టిన వెల.

నీటి పొర మాట కూడా చూద్దాం. చాలినంత నీరున్న రన్‌వే మీద ఒక వేగం దాటితే టైరు నీళ్లను పక్కకు నెట్టలేక వాటి మీదే తేలుతుంది. ఆ వేగం టైరులోని గాలి ఒత్తిడిని బట్టి ఉంటుందని 1960లలోనే నాసా పరిశోధకులు లెక్కకట్టారు. ఒత్తిడి 200 పీఎస్ఐ ఉంటే ఆ వేగం సుమారు 127 నాట్లు. విమానం దిగే వేగం దానికంటే ఎక్కువే కదా! రన్‌వేల మీద అడ్డంగా సన్నని గాడులు కోసేది నీరు పక్కకు జారిపోవడానికే. గాడులు ఎంత బాగున్నా, కుండపోత వానలో అవి పట్టుకునే నీటికి ఒక హద్దుంటుంది.

కుండపోత వాన మనకు కొత్తా? జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పును చీల్చిపారేసింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస పక్కన తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అంతటి రోజుల్లో విమానాలు ఎలాగూ తిరగవు. పైలట్‌కు పరీక్ష పెట్టేవి తుపాను రోజులు కావు. దానికి ముందూ వెనకా వచ్చే మామూలు ముసురు రోజులు. మేఘం కిందికి దిగి, గాలి ఘడియకో దిక్కు మారుతూ, రన్‌వే అద్దంలా మెరిసే సాయంత్రాలు. ఏడాదిలో అలాంటివి ఇక్కడ తక్కువేమీ కాదు.

రన్‌వే మిగలకపోతే ఏమవుతుందో మన దేశంలో రెండుసార్లు చూశాం. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కొండ మీది రన్‌వేలో సగానికి పైగా దాటాక ఆని, ఆగలేక లోయలో పడింది. 158 మంది పోయారు. ఎనిమిది మంది బతికారు. 2020 ఆగస్టు 7న, కరోనా రోజుల్లో, మళ్లీ దుబాయ్ నుంచే స్వదేశానికి వస్తున్నవాళ్లతో అదే సంస్థ విమానం కోళికోడ్‌లో జోరువానలో దిగింది. వెనకగాలి తోస్తోంది. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగుల దగ్గర చక్రాలు ఆనాయి. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. ఈ రెండు చోట్లా పైలట్లు మెత్తదనం కోసం పాకులాడారని అనడం అన్యాయం. మంగళూరులో విమానం మొదటి నుంచీ ఉండాల్సినదానికంటే ఎత్తులో వచ్చింది, కో పైలట్ వద్దు వద్దంటున్నా కెప్టెన్ దింపాడు. కోళికోడ్ కథ వేరు. కానీ చివరికి వచ్చేసరికి రెండు చోట్లా లెక్క ఒకటే. చక్రాలు ఆనిన చోటు నుంచి ముందు మిగిలిన నేల చాలలేదు. గల్ఫ్ విమానాల్లో వచ్చేది ఎవరో సోంపేట, టెక్కలి, కంచిలి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రెండు వార్తలూ వచ్చిన రోజుల్లో ఇక్కడి ఇళ్లలోనూ దుబాయ్‌కి ఫోన్లు వెళ్లే ఉంటాయి.

ఈ గట్టిదనం అర్థం కావడానికి మన తీరం వాళ్లకు పుస్తకాలు అక్కర్లేదు. భోగాపురం మండలంలోనే ముక్కాం, చేపల కంచేరు ఉన్నాయి. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంది. అందులో ఊరూరా జెట్టీలు ఎక్కడివి? వేట ముగించుకొచ్చిన బోటు ఇసుక మీదికే ఎక్కాలి. సముద్రంలో ఎంత దూరం పోయి వచ్చినా, ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే ఆ కాస్త మేర దాటడమే కష్టం. వచ్చిన బోటు అక్కడ వెంటనే లోపలికి రాదు. కెరటాలకు అవతల ఆగి, వచ్చేవాటినీ పోయేవాటినీ చూసుకుంటుంది. పెద్దవి వరసగా పోయాక, ఒక కెరటం వీపు మీదికెక్కి, ఇంజిన్ మొత్తం పెంచి, ముక్కు తిన్నగా ఒడ్డుకు పెట్టి దూసుకొస్తుంది. నీరు పలచబడ్డ చోట వెనకున్నవాడు ఇంజిన్‌ను నీళ్లలోంచి పైకి లేపేస్తాడు. బోటు దభీమని ఇసుకలోకి ఎక్కి కూర్చుంటుంది. ఒళ్లు అదురుతుంది, బుట్టల్లో చేపలు ఎగిరిపడతాయి. మెల్లగా వద్దామని ఎవడైనా మధ్యలో వేగం తగ్గిస్తే, వెనక నుంచి వచ్చే కెరటం బోటును అడ్డంగా తిప్పేస్తుంది. అడ్డం తిరిగిన బోటు బోల్తా పడటానికి రెండో కెరటం చాలు. ఒడ్డున నిలబడి చూసే పిల్లలకు కూడా తెలుసు, ఆ దూకుడులో మొరటుతనం లేదని. అక్కడ మెల్లగా రావడమే తెలియనితనం.

నౌకాదళం వాళ్లదైతే మరీ. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలోనిదే. ఇన్నేళ్లూ మన పౌర విమానాలు వాళ్ల రన్‌వే మీదే దిగాయి. నేవీలో యుద్ధనౌక డెక్కు మీద దిగే పైలట్లకు ఫ్లేర్ అన్న మాటే ఉండదు. వచ్చిన కోణంలోనే వచ్చి డెక్కును గుద్దుతారు. విమానం తోక కిందున్న కొక్కెం డెక్కు మీద అడ్డంగా పరిచిన ఉక్కు తాళ్లలో ఒకదాన్ని పట్టుకోవాలి. చక్రాలు తగిలిన క్షణంలోనే ఇంజిన్‌ను పూర్తి శక్తికి పెంచుతారు, తాడు దొరక్కపోతే అక్కడి నుంచే మళ్లీ లేవాలి కాబట్టి. అక్కడ మెత్తగా దిగాలనుకున్న పైలట్ తాళ్లన్నీ దాటిపోతాడు. ఆ విమానాల కాళ్లు అందుకు తగ్గట్టే బలంగా కడతారు. ప్రయాణికుల విమానానికి అంత అవసరం లేదు, అలా దించకూడదు కూడా.

దించకూడదన్నాం కాబట్టి, ఇక్కడ రెండిటిని విడదీసుకోవాలి. గట్టిగా దిగడం ఒకటి, విరుచుకుపడటం ఒకటి. రన్‌వే వైపు వచ్చేటప్పుడు విమానం నిమిషానికి ఇంచుమించు 700 అడుగుల చొప్పున కిందికి దిగుతూ ఉంటుంది. ఫ్లేర్ తర్వాత, మామూలుగా ఆనేటప్పటికి అది సెకనుకు రెండు మూడు అడుగులకు తగ్గుతుంది. గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకు 10 అడుగుల వేగంతో ఆనినా తట్టుకునేట్టు విమానాన్ని రూపొందించాలని ధ్రువీకరణ నియమం. మనకు అబ్బా అనిపించే ల్యాండింగులు చాలావరకు ఈ రెండు అంకెల మధ్యే, అదీ కింది అంకెకు దగ్గరలోనే ఉంటాయి. దాటితే మాత్రం అది నేరుగా ఇంజినీర్ల పని. పరికరాల్లో నమోదవుతుంది, విమానాన్ని పక్కన పెట్టి కాళ్లూ రెక్కలూ పరీక్షించాకే మళ్లీ ఎగరనిస్తారు. కాబట్టి గట్టిగా దిగడాన్ని సమర్థిస్తూ రాస్తున్న ఈ నాలుగు మాటలూ చేతకాని ల్యాండింగులకు పూచీకత్తు కాదు. అలాంటివీ ఉంటాయి. పైలట్లూ మనుషులే.

ఎండ కాస్తూ, గాలి నిలకడగా ఉండి, ముందు మూడు కిలోమీటర్ల పొడి రన్‌వే పరుచుకుని ఉన్న రోజున మెత్తగా దింపడంలో తప్పేమీ లేదు. ఆ రోజు అది పనితనమే. పక్కగాలి వీచే రోజున అలా కుదరదు. విమానం ముక్కును గాలివైపు కొంచెం తిప్పి, ఓరగా నడుపుకొస్తారు. ఆనే ముందు దాన్ని రన్‌వేకు తిన్నగా చేస్తారు. తిన్నగా చేశాక ఆలస్యం చేస్తే గాలి మళ్లీ పక్కకు తోసేస్తుంది. అందుకే తిప్పిన వెంటనే ఆనించేస్తారు. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి పుంజుకునే మన తీరంలో ఈ పని తరచుగా పడేదే.

పైలట్ల మనసులో ఏముంటుందన్నది కూడా ఆలోచించాల్సిన సంగతే. మెత్తగా దింపాలన్న సరదా వాళ్లకూ ఉంటుంది. ప్రయాణికులు దిగిపోతూ తలుపు దగ్గర బాగా దింపారని ఒక మాట అంటే సంతోషించని పైలట్ ఉండరు. ఆ సరదాకు తోడు ఒక భయం. ఏ విమానం ఎంత బలంగా ఆనిందో ఇప్పుడు ప్రతిసారీ రికార్డవుతుంది, ఆఫీసులో ఎవరో ఒకరు ఆ అంకెలు చూస్తారు. అలా చూడటం అవసరమే. అంకె కాస్త పెరిగినప్పుడల్లా సంజాయిషీ అడిగితే మాత్రం పైలట్ చేతులు తెలియకుండానే మెత్తదనం వైపు మొగ్గుతాయి. గో అరౌండ్ విషయంలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక మంచి కట్టుబాటు పెట్టింది. దిగబోయి, కుదరదనిపించి మళ్లీ పైకి లేచిన పైలట్‌ను ఎందుకు లేచావని శిక్షించకూడదు. ఇంధనం ఖర్చయినా, పావుగంట ఆలస్యమైనా సరే. తడి రన్‌వే మీద సరైన చోట గట్టిగా ఆనించిన పైలట్‌కు కూడా ఆఫీసు నుంచి అంతే భరోసా ఉండాలి. ఫిర్యాదు రాసే ప్రయాణికుడి నుంచి కూడా.

భోగాపురం రన్‌వే పొడవు 3,800 మీటర్లు. విశాఖలో ఉన్నది మూడు కిలోమీటర్లకు కాస్త పైన. ఇంత పొడుగుంది కదా, కాస్త తేలితే ఏం పోయిందని అనిపించడం సహజం. నిజానికి అలవాటు చెడేది పొడవైన రన్‌వేల మీదే. ఇక్కడ రోజూ తీరిగ్గా తేలించి దింపే చేయి, రేపు మంగళూరులోనో కోళికోడ్‌లోనో వానలో దింపాల్సి వస్తే ఒక్కసారిగా మారదు. పైగా ఒక విమానం రన్‌వే మీద ఎంత ఎక్కువసేపు ఉంటే వెనక వచ్చేదానికి అంత ఆలస్యం. కాబట్టి నాలుగు కిలోమీటర్లున్నా గురి ఆ తెల్ల పట్టీల మీదే.

ఆ నేలను ఇచ్చినవాళ్లనూ తలుచుకోవాలి. మొదట్లో ఇంకా చాలా ఎక్కువ నేల కావాలన్న ప్రాజెక్టు, రైతుల ఆందోళనల తర్వాత తగ్గుతూ వచ్చింది. ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు మారిన కుటుంబాల్లో, ఇంతవరకు విమానం ఎక్కనివాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో కొందరైనా ఈ రన్‌వే మీది నుంచే మొదటిసారి ఎగురుతారు, దీని మీదే తిరిగి దిగుతారు. బొబ్బిలి, పార్వతీపురం, నరసన్నపేట, పలాసల నుంచి హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికో, బెంగళూరులో కూతురు దగ్గరికో వెళ్లే పెద్దవాళ్లు కూడా ఇకమీదట రైలు మాని ఇటు వస్తారు. మొదటిసారి ఎక్కినవాళ్లకు ఆ కుదుపు ఎంత భయం పుట్టిస్తుందో రోజూ తిరిగేవాళ్లు మరిచిపోయి ఉంటారు.

అందుకని విమాన సంస్థలకు ఒక చిన్న విన్నపం. వానరోజుల్లో, కిందికి దిగడం మొదలుపెట్టక ముందే ఒక్క మాట తెలుగులో చెప్పించండి. పదివేల అడుగుల కిందికి వచ్చాక పైలట్లు పనికి సంబంధంలేని మాటలు మాట్లాడకూడదు కాబట్టి, అంతకు ముందే. రన్‌వే తడిగా ఉంది, ఇవాళ కొంచెం గట్టిగా దిగుతాం, అది కావాలని చేసేదే అని చెబితే చాలు. పైలట్‌కు తెలుగు రాకపోతే సిబ్బందిలో ఎవరైనా చెప్పవచ్చు. శ్రీకాకుళం యాసలో చెప్పగలిగిన అమ్మాయి దొరికితే ఇంకా మంచిది. అయినా చక్రాలు తగిలినప్పుడు ఎవరో ఒక పెద్దావిడ ఓలమ్మో అనక మానదు. పక్క సీట్లో ఆమె మనవడు మాత్రం, "గట్టిగా దిగుతావని ముందే సెప్పినారు గదే మామ్మా, నువ్వు ఇన్నేదేటి?" అని కసురుకుంటాడు.